కాశీబుగ్గ మేస్త్రి చేసిన కలెక్టివ్ లీవరు: ఏడాది వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. మేస్త్రి పనితనానికి ఐదుకి నాలుగున్నర. నేనిచ్చిన కొలతలకీ, నేను చెప్పిన వివరాలకీ ఒకటిన్నర. ఈ రెండు మార్కులూ కలిపి చదవండి, లేకపోతే ఆ షాపుకి అన్యాయం జరుగుతుంది. అందుకే షాపు పేరు రాయడం లేదు. పలాస-కాశీబుగ్గలో జీడి కటింగ్ మెషీన్లు, గేట్లు, ట్రాక్టరు తొట్లు చేసే వెల్డింగ్ షాపులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటనుకోండి.

నేను చేయించుకున్నది కలెక్టివ్ లీవరు. హెలికాప్టర్‌లో పైలట్ ఎడమ చేతి పక్కన, కారు హ్యాండ్ బ్రేకులాగా ఉంటుంది. పైకెత్తితే పైనున్న రెక్కలన్నీ ఒకేసారి కోణం పెంచుకుని గాలిని గట్టిగా పట్టుకుంటాయి, మెషీన్ లేస్తుంది. దించితే దిగుతుంది. లీవరు చివర గుండ్రంగా తిరిగే పిడి ఉంటుంది, అది థ్రాటిల్. ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ పెట్టుకుని ఇంట్లో ప్రాక్టీసు చేసుకోవడానికి ఇలాంటిది కావాలి. విదేశీ కంపెనీల సరుకు ఆన్‌లైన్లో దొరుకుతుంది. ధర చూపిస్తే నాన్న ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన వద్దన్నట్టే.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కాశీబుగ్గ, చిన్న జీడిపప్పు యూనిట్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో ఉన్న మా జీడి తోటలో సగం చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మిగిలిన సగాన్ని నా ఫీజుకి అమ్మారు. అమెరికాలో ఒక చిన్న స్కూల్లో, రాబిన్సన్ ఆర్22 అనే ఇద్దరు పట్టే బుల్లి హెలికాప్టర్ మీద 38 గంటలు ఎగిరాక డబ్బు అయిపోయింది. రెండో విడత డబ్బు సర్దుబాటయ్యేదాకా ఇంటికి వచ్చి, మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ వాళ్ళ పరీక్ష పేపర్లు చదువుకుంటూ కూర్చున్నాను. ఎయిర్ రెగ్యులేషన్స్ ఎంత చదివినా చేతికి పని రాదు. నా భయమంతా ఒక్క విషయం మీదే: ఆటోరొటేషన్. నేను అందులోనే వెనకబడి ఉన్నాను, చెయ్యి మర్చిపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఆటోరొటేషన్ అంటే ఏమిటని ఇంట్లో అందరూ అడిగారు. అమ్మకి తాటాకు గిరకతో చెప్పాను. చిన్నప్పుడు తాటాకు ముక్కని తుమ్మ ముల్లుతో పుల్లకి గుచ్చుకుని గాలికి ఎదురు పరిగెత్తేవాళ్ళం కదా, ఆగితే ఆగేది, పరిగెత్తితే గిర్రున తిరిగేది. గాలిలో ఇంజిన్ ఆగిపోతే హెలికాప్టర్ చేసేదీ అదే. పరిగెత్తడానికి బదులు కిందికి దిగుతుంది. కింద నించి ఎదురొచ్చే గాలి రెక్కల్ని తిప్పుతూనే ఉంటుంది. ఆగిన ఇంజిన్ రెక్కల్ని పట్టి ఆపకుండా మధ్యలో ఒక ఫ్రీవీలు ఉంటుంది. సైకిలు తొక్కడం మానేసినా వెనక చక్రం తిరుగుతుంది చూడండి, అలాంటిదే. అలా తిరిగే రెక్కల్లో దాచుకున్న బలాన్ని నేల దగ్గర ఒక్కసారే వాడుకుని మెల్లగా వాలాలి. ఒక్కసారే. రెండోసారికి మిగలదు.

అమ్మ అంతా విని, "అయితే ఇంజినెందుకు ఆపడం? అలాగే ఎగరొచ్చు కదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మేస్త్రి దగ్గరకి ఒక గీసిన కాగితం పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటమ్మా, కటింగ్ మెషీన్ లీవరే కదా!" అన్నారు. ఆ మాట విన్నాక ధైర్యం వచ్చింది. జీడి పిక్కలు కోసే మెషీన్ చూడనివాళ్ళకి చెబుతున్నాను: చేత్తో ఒక లీవరు, కాలితో ఒక పెడలు, రెండూ లయగా ఆడాలి. లయ తప్పితే పప్పు ముక్కలవుతుంది, విరగని గుండు పప్పు ధర రాదు. మా నాయనమ్మ ముప్పై ఏళ్ళు ఆ మెషీన్ ముందు కూర్చుంది. జీడి రసానికి ఆవిడ వేళ్ళు నల్లబడిపోయాయి. ఆ లెక్కన చూస్తే చెయ్యీ కాలూ కలిపి ఆడించే పని మా ఇంటికి కొత్తదేం కాదు.

"అలాంటిదే బాబాయ్. కాకపోతే ఇది ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి. చెయ్యి తీసినా కిందికి పడకూడదు, పైకి లేవకూడదు."

"అయితే బిగువుండాల. పాత స్కూటరు బ్రేకు లైనింగు ఏస్తాను."

వేశారు. నిజం చెప్పాలంటే ఈ వస్తువులో అన్నిటికన్నా బాగున్నది అదే. ఒక అంగుళం ఇనప పైపు, కింద ఇత్తడి బుష్, పక్కన బ్రేకు లైనింగు ముక్క, దాన్ని బిగించుకోవడానికి ఒక రెక్కల నట్టు. నట్టు సగం చుట్టు తిప్పితే బిగువు మారుతుంది. ఏడాది తరువాత కూడా లీవరు పక్కకి ఊగదు. వెల్డింగ్ గీతలు గ్రైండర్‌తో నున్నగా రుద్దారు, చేతికి ఎక్కడా గుచ్చుకోదు. కింద ప్లేటుకి నాలుగు బోల్టులు, మా మేడ మీద గదిలో చెక్క పలకకి బిగించేశాం. రాజాంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడు బుష్‌కి ఒక సెన్సారు, పిడికి ఇంకో సెన్సారు తగిలించి, చిన్న బోర్డు ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపాడు. మేస్త్రి చేతికి 4,800 ఇచ్చాను. సెన్సార్లు, బోర్డు, వైర్లు, పాతబజారులో దొరికిన ఒక సీటు, వాడిన జాయ్‌స్టిక్కు, పెడల్స్ పని అంతా కలిపితే 11 వేలు దాటలేదు. అమెరికాలో నేను ఒక గంట ఎగరడానికి కట్టే డబ్బుతో ఇలాంటివి రెండో మూడో చేయించొచ్చు.

ఇప్పుడు లోపం దగ్గరికి వస్తాను. పిడి.

"ఈ పిడి ఎటేపు తిప్పితే ఎక్కువవ్వాలమ్మా?" అని మేస్త్రి అడిగారు. అప్పుడు నేను ఫోనులో ఏదో చూసుకుంటున్నాను. "బండి యాక్సిలరేటర్ లాగే" అన్నాను. ఆయన ఒక పాత బైకు యాక్సిలరేటర్ పిడి తెచ్చి, స్ప్రింగుతో సహా, చక్కగా అమర్చారు. నావైపు తిప్పితే పెరుగుతుంది, వదిలేస్తే దానంతటదే తగ్గిపోతుంది. అచ్చం బండి.

హెలికాప్టర్‌లో తిరగేసి ఉంటుంది. పిడిని బయటి వైపు తిప్పితే పవర్ పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. పైగా స్ప్రింగు ఉండదు, ఎక్కడ ఉంచితే అక్కడే ఉంటుంది. 38 గంటలు ఎగిరిన దానివి నీకిది తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు, కానీ నోటికి తెలియదు. ఆర్22లో గవర్నర్ అని ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, 80 శాతం దాటాక అదే థ్రాటిల్‌ని సవరించుకుంటుంది. కలెక్టివ్ ఎత్తుతుంటే థ్రాటిల్ కొంత తెరుచుకునేలా లోపల లింకు కూడా ఉంటుంది. మామూలుగా ఎగిరేటప్పుడు పిడి చేతిలో దానంతటదే కదులుతుంది, మన చెయ్యి దానిమీద ఊరికే కూర్చుంటుంది. అందుకని ఆ దిక్కు నా చేతిలో గట్టిగా నాటుకోలేదు. వస్తువు ఇంటికి వచ్చాక రెండు రోజులు చెయ్యి తడబడింది. మూడో రోజుకి అలవాటైపోయింది. తడబాటు ఎందుకని అప్పుడే ఆలోచించాల్సింది.

ఆరు నెలలు రోజూ సాయంత్రం కూర్చున్నాను. కింద బాయిలరు వేడి, పప్పు డ్రయ్యర్ వాసన, మధ్యలో కరెంటు పోవడం. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆడేది గానీ ఫ్యాను ఆగిపోయేది. తమ్ముడు సెలవులకి వచ్చినప్పుడల్లా నా వెనక కుర్చీ వేసుకుని చెప్పాపెట్టకుండా ఇంజిన్ ఆపేసే మీట నొక్కేవాడు. వాడికి అంతకన్నా సరదా ఇంకోటి లేదు.

ఈ పనికి మాత్రం ఈ లీవరు బంగారం. ఆర్22 రెక్కలు చాలా తేలిక, వాటిలో దాచుకున్న బలం తక్కువ. ఇంజిన్ ఆగగానే కలెక్టివ్ దించకపోతే రెక్కల వేగం చూస్తుండగా పడిపోతుంది. 97 శాతం కిందికి వస్తే, రెక్కల వేగం తగ్గిందని హెచ్చరించే హారన్ మొదలవుతుంది. ఇంకా కిందికి, 80 శాతం దాకా, ఎత్తులో ఉంటే దానికన్నా ముందే, పోయిందంటే రెక్కలు గాలిని పట్టలేని స్థితికి వస్తాయి. ఆ తరువాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆలోచించి దించే పని కాదు ఇది, ఒక సెకను పైచిలుకులో చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళిపోవాలి. అదే సమయంలో ఇంజిన్ తోపు లేక ముక్కు ఎడమకి తిరుగుతుంది కాబట్టి కుడి పెడలు తొక్కాలి, ముక్కు వంగిపోకుండా సైక్లిక్ (కుడి చేతిలో ఉండే కర్ర, మెషీన్‌ని ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచేది) కొంచెం వెనక్కి లాగాలి. మొదటి వారం పదిసార్లకి ఆరుసార్లు ఆలస్యమయ్యేది. నెల తిరిగేసరికి తమ్ముడు మీట నొక్కిన చప్పుడుకే చెయ్యి దిగిపోయేది. మీట చప్పుడు వినపడకుండా వాడు పక్కన పాటలు పెట్టడం మొదలుపెట్టాడు.

దిగుతున్నప్పుడు చూసుకోవాల్సినవి రెండు: రెక్కల ఆర్‌పీఎం 90కీ 110కీ మధ్య, స్పీడు 65 నాట్ల దగ్గర (నాట్ అంటే విమానాల వేగం కొలిచే లెక్క). ఆర్‌పీఎం పెరిగిపోతుంటే కలెక్టివ్ వెంట్రుకవాసి ఎత్తాలి, తగ్గుతుంటే దించాలి. మలుపు తిరిగినా, సైక్లిక్ వెనక్కి లాగినా ఆర్‌పీఎం పెరుగుతుంది. ఈ వెంట్రుకవాసి కదలికలే బ్రేకు లైనింగు బిగువుతో చాలా బాగా వచ్చేవి. ప్లాస్టిక్ జాయ్‌స్టిక్కు మీద ఉండే చిన్న మీటతో ఇది రాదు, ఎంత తిప్పలు పడ్డా రాదు.

ఇంకొకటి కూడా ఈ గదిలోనే నేర్చుకున్నాను, నేను పెట్టిన డబ్బు దాంతోనే గిట్టిందనుకుంటాను. రాబిన్సన్ కంపెనీ సేఫ్టీ నోటీసులని కొన్ని ఇస్తుంది. వాటిలో 38వది ప్రాక్టీసు ఆటోరొటేషన్ల గురించే. నిజంగా ఇంజిన్ ఆగడం చాలా అరుదు. దానికోసం చేసే ప్రాక్టీసులోనే మెషీన్లు ఎక్కువగా విరుగుతున్నాయని దాని సారాంశం. అది పెట్టిన నియమం ఇది: 100 అడుగుల దగ్గరికి వచ్చేసరికి నాలుగు సంగతులు కుదిరి ఉండాలి. రెక్కల ఆర్‌పీఎం డయలు మీది పచ్చ గీత మధ్యలో ఉండాలి, స్పీడు 60కీ 70కీ మధ్య నిలబడాలి, దిగే వేగం నిమిషానికి 1,500 అడుగుల లోపుండాలి, మలుపులు ఏవైనా ఉంటే అయిపోయి ఉండాలి. ఒక్కటి కుదరకపోయినా అక్కడికక్కడే పవర్ తెచ్చుకుని లేచిపోవాలి, బతిమాలుకోవడం ఉండదు. లెక్క వేసుకుంటే ఎందుకో తెలుస్తుంది. నిమిషానికి 1,500 అంటే సెకనుకి 25 అడుగులు. వంద అడుగుల నించి నేల నాలుగు సెకన్ల దూరం.

అందుకని తమ్ముడు నా వెనక నించి "వంద!" అని అరిచేవాడు. నేను "ఆర్‌పీఎం, స్పీడు, దిగుడు" అని పైకి అనుకుంటూ చూసుకుని, "సరే" అనో "లేస్తున్నా" అనో అరవాలి. ఒక రోజు కింద నించి అమ్మ, "ఓలే, ఆ వంద ఎవులికివ్వాల? రోజూ అడుగుతున్నారు!" అని కేకేసింది.

సరే, ఇప్పుడు అసలు కథ. డబ్బు సర్దుబాటయ్యింది, మళ్ళీ వెళ్ళాను. మా ఇన్‌స్ట్రక్టర్‌కి డబ్ల్యూ 320 గ్రేడు పప్పు ఒక డబ్బా పట్టుకెళ్ళాను. ఆయన మొదటి గంటలోనే ఇంజిన్ తగ్గించి చూశారు. నా చెయ్యి ఎంత తొందరగా దిగిందంటే, ఆయన నావైపు తిరిగి, ఇంటి దగ్గర ఏం తిన్నావని అడిగారు. వంద అడుగుల లెక్క నేను పైకి చెబుతుంటే ఆయన ఊకొట్టారు. రెండుసార్లు బాగా వచ్చింది. మూడోసారి నాకు పూర్తిగా వదిలారు.

ప్రాక్టీసులో నేలమీద వాలిపోము, పవర్ రికవరీ చేస్తాం. అంటే చివరి క్షణంలో ఇంజిన్ని మళ్ళీ పనిలోకి తెచ్చుకుని, నేలకి ఐదారు అడుగుల పైన నిలబడతాం. బయటి నించి చూస్తే ఇది సుళువుగా కనిపిస్తుంది, ఇంజిన్ ఉంది కదా అని. నాకు మాత్రం నిజం వాలడం కన్నా ఇదే కష్టం. నిజంగా ఇంజిన్ పోతే రెక్కల్లో ఉన్న బలం ఒక్కటే మన లెక్క. ప్రాక్టీసులో రెండు లెక్కలు ఒకేసారి చూసుకోవాలి. దిగేటప్పుడు థ్రాటిల్ కొంచెం తగ్గించి ఉంచుతాం. ఆర్‌పీఎం చూపించే టాకోమీటరులో ఇంజిన్ ముల్లు, రెక్కల ముల్లు విడిపోతాయి. ఫ్రీవీలు వదిలిందని అదే గుర్తు. చివర్లో ఆ రెండు ముళ్ళనీ మెల్లగా కలపాలి. గభాలున తిప్పితే బరువు లేని ఇంజిన్ ఎగిసిపోతుంది, అతివేగంతో దెబ్బతింటుంది, ముక్కు ఒక్కసారి కుడికి తిరుగుతుంది. ఆలస్యం చేస్తే ఇంజిన్ ఇంకా నిద్రలో ఉండగానే మనం కలెక్టివ్ ఎత్తేస్తాం, రెక్కల్లో ఉన్న కాస్త బలం అక్కడే ఖర్చయిపోతుంది. పవర్ తగ్గించే ముందు కార్బ్ హీట్, అంటే కార్బురేటర్‌కి వేడిగాలి పంపే మీట, లాగడం కూడా మర్చిపోకూడదు. తేమగాలిలో కార్బురేటర్‌లో మంచు పడితే నువ్వు ఎంత పిలిచినా ఇంజిన్ లేవదు. మా సముద్రపు గాలి అలవాటైన నాకు అది మాత్రం ఎప్పుడూ గుర్తుండేది.

దాదాపు 40 అడుగుల దగ్గర ఫ్లేర్ మొదలుపెట్టాలి. సైక్లిక్ వెనక్కి లాగి ముక్కు ఎత్తితే స్పీడు, దిగుడు రెండూ తగ్గుతాయి, రెక్కలకి వేగం వస్తుంది. ఆ ఎత్తు నాకు అంకెతో గుర్తుండదు. ఉద్దానంలో ఎత్తుగా పెరిగిన కొబ్బరి చెట్టు మొవ్వుని గుర్తుపెట్టుకుంటాను. ఆ రోజు ఫ్లేర్ బాగానే వచ్చింది. ముళ్ళు కలపాలి. నా చెయ్యి, ఆరు నెలలు కాశీబుగ్గలో చేసినట్టే, పిడిని నావైపు తిప్పింది.

మీకు అర్థమై ఉంటుంది. నేను థ్రాటిల్ తెరుస్తున్నాననుకుని మూసేశాను. గవర్నర్ తెరవాలని చూస్తుంటుంది, కానీ నేను పిడిని గట్టిగా పట్టుకున్నాను, మనిషి చేతి ముందు దాని బలం ఎంత! ఎనిమిది అడుగుల దగ్గర ముక్కు సరిచేసి కలెక్టివ్ ఎత్తాను. అప్పుడు కూసింది హారన్. కలెక్టివ్ పూర్తిగా కింద ఉన్నంతసేపూ ఆ హారన్ మోగదు, అందుకే అప్పటిదాకా అంతా ప్రశాంతంగానే ఉంది. నేను ఏం చేశానంటే, హారన్ వినగానే పవర్ కావాలనుకుని, ఇంకా గట్టిగా నావైపే తిప్పాను.

"ఐ హావ్ ద కంట్రోల్స్" అని వినపడేసరికే అయిపోయింది. ఆయన చెయ్యి తన వైపు పిడి మీద మొదటి నించీ ఉంది. నా చేతి మీదుగా పిడి బయటికి తిరగడం నాకు తెలిసింది. కలెక్టివ్ వేలెడు కిందికి దిగింది, ఎడమ పెడలు పడింది, హారన్ ఆగింది. నేలకి రెండడుగుల పైన, కొంచెం ఊగుతూ నిలబడ్డాం. గడ్డి చుట్టూ పడుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, మెషీన్‌కీ ఏమీ కాలేదు. నా మోకాళ్ళు మాత్రం చాలాసేపు నా మాట వినలేదు.

కిందికి దిగాక ఆయన కోప్పడలేదు. ఎడమ చెయ్యి చాపమన్నారు. గాలిలో పిడి తిప్పి చూపించమన్నారు. చూపించాను. "ఈ దిక్కు ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు. పలాస అని ఎలా చెప్పను? చెప్పాను, ఫోటో కూడా చూపించాను. లీవరుని చాలాసేపు జూమ్ చేసి చూసి, బ్రేకు లైనింగు ఆలోచన ఎవరిదని అడిగారు. ఆ తరువాత రెండు వారాలు నాకు ఆటోరొటేషన్లు ఆపేశారు. మెషీన్ ఆపి ఉన్నప్పుడు సీట్లో కూర్చోబెట్టి, బయటికి తిప్పితే పవర్, లోపలికి తిప్పితే తగ్గు అని రోజూ యాభైసార్లు తిప్పించారు. నేర్చుకోవడం కన్నా మర్చిపోవడానికి ఎక్కువ టైము పట్టింది. ఆ రెండు వారాలూ నేను పెట్టిన డబ్బు లెక్క ఇక్కడ రాయను, నాన్న కూడా ఇది చదువుతారు.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు లీవరు పట్టుకుని షాపుకెళ్ళాను. జరిగింది చెప్పాను. మేస్త్రి ముఖం చిన్నబోయింది. "నువ్వే కదమ్మా బండిలాగన్నావు" అనలేదు. అనొచ్చు, ఆయనకి ఆ హక్కుంది. "ఇలాటిదని తెలిస్తే నాలుగు సార్లు అడుగుదును కదమ్మా" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా సిగ్గేసింది. అప్పుడే పిడి విప్పి, స్ప్రింగు తీసేసి, లోపల తోలు వాషరు వేసి, ఎక్కడ ఉంచితే అక్కడే నిలబడేలా చేశారు. సెన్సారు వైర్లు తమ్ముడు తిరగేశాడు. 300 తీసుకున్నారు, అందులో టీ ఖర్చు ఆయనదే. ఇప్పుడు పిడి అసలు దానికి చాలా దగ్గరగా ఉంది, ముళ్ళు కలిపే ఆ మెల్లని తిప్పుడు చేతికి బాగా వస్తుంది. కలెక్టివ్ ఎత్తితే థ్రాటిల్ కొంచెం తెరుచుకునేలా తమ్ముడు కోడులో నాలుగు లైన్లు కూడా చేర్చాడు.

ఇంకా ఉన్న లోపాలు: లీవరు చాలా బరువు, గంట ఆడితే భుజం లాగుతుంది. కింద ప్లేటుకి వేసిన నల్ల రంగు మూడు నెలల్లో ఊడిపోయింది, మా తేమకి తుప్పు మొదలైంది, రెడ్ ఆక్సైడ్ వెయ్యమని ముందే చెప్పుకోండి. చెప్పిన రోజుకి పని అవ్వదు, జీడి సీజనులో అసలే అవ్వదు. నాకు వారం అని చెప్పి పంతొమ్మిది రోజులు పట్టింది.

ఎంత బాగా చేసినా దీనితో రానివి కొన్ని ఉన్నాయి, అది మేస్త్రి తప్పు కాదు. ల్యాప్‌టాప్ తెర మీద కొబ్బరి చెట్టు ఎత్తు తెలియదు. కాబట్టి ఫ్లేర్ ఎప్పుడన్నది ఇంట్లో నేర్చుకోవాలని చూడకండి, తప్పు ఎత్తు కంటికి అలవాటవుతుంది. నేనైతే ఇప్పుడు ఇంట్లో వంద అడుగుల దాకానే చేసి, అక్కడే పవర్ తెచ్చుకుని లేచిపోతాను. ఇద్దరు కూర్చుంటే మెషీన్ బరువుకి ఆర్‌పీఎం ఎక్కువ నిలుస్తుంది, ఒక్కరే ఉంటే తగ్గుతుంది. ఆ తేడా అసలు మెషీన్లోనే చేతికి తెలియాలి. కడుపులో జారినట్టుండే ఆ మొదటి క్షణం ఏ గదిలోనూ దొరకదు. పాటలు పెట్టి మీట నొక్కే తమ్ముడున్నా సరే.

ఇప్పటికే కొన్ని గంటలు ఎగిరి, మధ్యలో ఇంటికొచ్చి ఆగిపోయినవాళ్ళు దీన్ని చేయించుకోవచ్చు. ఒక్క గంట కూడా ఎగరనివాళ్ళు వద్దు, ఏది తప్పో తెలియకుండా తప్పే నేర్చుకుంటారు. నాకు తెలిసీ అదే జరిగింది, మీ సంగతి ఇంకా చెప్పేదేముంది. చేయించుకుంటే కాగితం మీద బాణం గుర్తు వేసి ఇవ్వండి, నోటిమాటగా చెప్పకండి. పని అయ్యాక మీ ఇన్‌స్ట్రక్టర్‌కి వీడియో పంపి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టండి.

మేస్త్రి కొరియరు చెయ్యరు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. పలాసలో చాలా రైళ్ళు ఆగుతాయి కాబట్టి విజయనగరం నించి వచ్చినా సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవచ్చు. మొన్న టెక్కలి అబ్బాయి ఒకడు నా దగ్గర విని వెళ్ళాడట. మేస్త్రి నాకు ఫోను చేశారు.

"అమ్మా, వీడు కూడా బండిలాగే అంటన్నాడు. వీడికి హెలికాప్టరా, బండా, ఓసారి నువ్వే అడుగు" అని ఫోను వాడి చేతికిచ్చారు.